చెమట పట్టని మేనమామ

కాకులు కొబ్బరి మట్టల మీంచి ఇంకా దిగకముందే నూకయ్య కాలవ రేవులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడేవాడు. ముందు దోసిలితో నీళ్ళు తీసి తూర్పు దిక్కుకి వదిలేవాడు. ఊళ్ళో వాళ్ళు సూర్యనారాయణమూర్తికి దండం పెట్టి ఆరోగ్యమో, పంటో, పిల్లలో అడుగుతారు. నూకయ్య అడిగేది ఒక్కటే. "నెమ్మదిగా రా సామీ, నీకేం తొందర." ఆ తర్వాత భుజం మీది బనీను నీళ్ళలో ముంచి, పిండీ పిండనట్టు పిండి, నీళ్ళు కారుతుండగానే తొడుక్కునేవాడు. ఇంకో బనీను కూడా అలాగే తడిపి ప్లాస్టిక్ కవరులో పెట్టి సైకిలు హేండిలుకి తగిలించేవాడు. అల్లవరం అవతల రొయ్యల చెరువుల మధ్యనున్న ఐసు ఫ్యాక్టరీకి పది కిలోమీటర్లు. సగం దారిలో ఒంటి మీది బనీను ఆరిపోతుంది. అక్కడ సైకిలు ఆపి రెండోది మార్చుకోవాలి. పుష్యమాసపు మంచులో తప్ప ఆ పని మానిన రోజు లేదు.

అతనికి చెమట పట్టదు. పుట్టిన దగ్గర్నుంచీ పట్టలేదు. చేలో పనిచేసిన మనుషులు కండువాతో నుదురు తుడుచుకుంటుంటే చూడటమే గాని ఆ తడి ఎలా ఉంటుందో నలభై ఒక్కేళ్ళొచ్చినా అతనికి తెలియదు. ఎండలో పావుగంట నిలబడితే ఒళ్ళు పెనంలా కాలిపోయి కళ్ళు తిరుగుతాయి. తల మీద మొక్కజొన్న పీచులాంటి వెంట్రుకలు పదో పరకో. కనుబొమలు లేవు. నోట్లో మొత్తం అయిదు పళ్ళు. అందులో ముందు రెండూ మేకుల్లా మొనదేలి ఉంటాయి. అందుకే ఎవరైనా ఎదురుపడితే తువ్వాలు కొస నోటికి అడ్డం వేసుకుంటాడు. చిన్నప్పుడు బడిలో పిల్లలు కోరలని ఏడిపిస్తే మాస్టారు వాళ్ళనేమీ అనలేదు గాని, ఇతన్ని తీసుకెళ్ళి కిటికీ పక్కన, గాలి తగిలే చోట కూర్చోబెట్టారు. ఆ కిటికీని నూకయ్య ఇప్పటికీ తలుచుకుంటాడు. నాలుగో తరగతి దాటి దాని పక్కన కూర్చునే రాత లేకపోయింది.

తల్లి చిట్టెమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి. కొడుక్కి ఏడాది నిండినా తల మీద జుట్టు రాకపోతే అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకుంది. జుట్టు మొలిపించు తండ్రీ, మొలిచిందంతా నీకే ఇస్తానంది. స్వామికి ఇవ్వడానికి తగినంతైనా రావాలి కదా అని మూడో ఏడు దాకా ఆగింది. అయిదో ఏడు దాకా ఆగింది. అలా ఆగుతూనే కాలం చేసింది. పోయే ముందు కొడుకు చెయ్యి పట్టుకుని, మొక్కు ఉండిపోయిందిరా అయ్యా అంది. అది ఇంట్లో మాట. ఇంట్లోనే ఉండిపోతే బాగుండేది.

ఇలాంటి ఒళ్ళు ఇచ్చిన దేవుడు దానికి తగిన పని కూడా చూపించాడని నూకయ్య అనుకునేవాడు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగే గదిలో మిగతావాళ్ళు అరగంట కంటే నిలవలేరు. వంతులు వేసుకుని, వణుక్కుంటూ బయటికొచ్చి ఎండలో నిలబడతారు. నూకయ్య పొద్దున్న లోపలికి వెళ్తే భోజనానికే రావడం. అతని సుఖం అక్కడే ఉంది. దిమ్మలు పొడి చేసే మిషను దగ్గర దేవదానమని పెద్దాయన ఉండేవాడు. టీ వస్తే ముందు నూకయ్య గ్లాసు తీసి ఐసు దిమ్మ మీద పెట్టి, చల్లారాక పిలిచేవాడు. ఆయన భార్య రాహేలు రోజూ ఒక గిన్నె వేరుగా పంపేది. అన్నం మెతుకు మెతుకూ కలిసిపోయేలా ఉడికించి, చేప ముళ్ళన్నీ తీసి అందులో మెదిపి. పళ్ళు లేని మనిషికి పెడుతున్నానని ఆవిడ ఎప్పుడూ అనలేదు. ఎక్కువైంది అంటుండేది. పన్నెండేళ్ళు రోజూ ఎక్కువైంది.

నూకయ్య పెళ్ళి చేసుకోలేదు. పిల్లనిస్తామన్నవాళ్ళూ లేరు. ఉన్నదల్లా పదకొండేళ్ళ చిన్నదైన చెల్లెలు కనకమహాలక్ష్మి. అన్నకి లేని జుట్టంతా దానికే వచ్చిందనేవారు. జడ నడుం దాటేది. కింది వరసలో ఒక పన్ను మాత్రం అసలు మొలవలేదు, నవ్వితే సందు కనిపించేది. పెళ్ళిచూపుల్లో ముమ్మిడివరం నుంచి వచ్చిన పెద్దింట్లమ్మ ఆ సందు చూసి, పిల్ల నవ్వు ముద్దుగా ఉందని మెచ్చుకుని, కొడుకు జగ్గయ్యకి ఖాయం చేసుకుంది. ఆ రోజు నూకయ్య అరుగు మీదికి రాలేదు. తనను చూసి సంబంధం వెనక్కి పోతుందేమోనని పెరట్లో కొబ్బరి మట్టల చాటున కూర్చున్నాడు.

పెళ్ళైన ఆరేళ్ళకి మగపిల్లాడు పుట్టాడు. రవితేజ అని పేరు పెట్టారు. సూర్యుడు వాడికి పేరులో మాత్రమే కలిసొచ్చాడు. తల నున్నగా ఉండేది. కొందరికి ఆలస్యంగా వస్తుందిలే అన్నారు. పుట్టగానే భుజానికి వేసిన టీకా పుండు నెలల తరబడి మానలేదు. చిన్న గీత పడినా చీము పట్టేది. ఎండ పొద్దుకి ఒళ్ళు కాలేది, సాయంత్రానికి తగ్గేది. నూకయ్య చూడటానికి వెళ్ళినప్పుడల్లా వాడి అరికాళ్ళు పట్టుకుని చూసేవాడు. అవి ఎప్పుడూ పొడిగానే ఉండేవి. చూసి ఊరుకునేవాడు. ఏమని చెబుతాడు, ఎవరికి చెబుతాడు.

పదకొండో నెలలో పుట్టువెంట్రుకలు తీయించడానికి అంతర్వేది బయల్దేరారు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి, మేనమామ చేత మొదటి కత్తెర వేయించడం మనలో ఆనవాయితీ. నూకయ్య వెంట్రుకలు లేని తన తల మీద తుండు కట్టుకుని, కొత్త పంచె కట్టుకుని వెళ్ళాడు. పిల్లాణ్ణి ఒడిలో పెట్టారు. వాడు మామయ్య తడి బనీనుకి చెంప ఆనించి, హాయిగా కళ్ళు మూసుకున్నాడు. మంగలాయన వాడి తల తడిమి, కత్తెర ఎక్కడ పెట్టాలో తెలియక ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం పెద్దింట్లమ్మ చూసింది. తలపాగా జారిన నూకయ్య తల, దాని కింద పిల్లాడి తల, రెండూ ఒకే తీరుగా మెరవడం చూసింది. చిట్టెమ్మ తీర్చని మొక్కు సంగతి ఆవిడ చెవిన ఎప్పుడో పడి ఉంది. ఇంకేం కావాలి.

తిరుగు దారిలో ఆటోలో పిల్లాడి ఒళ్ళు కాలిపోయింది. నూకయ్య కుళాయి దగ్గర ఆటో ఆపించి, తువ్వాలు తడిపి వాడికి చుట్టబెట్టాడు. రాజోలు వచ్చేసరికి వేడి దిగింది, వాడు కాళ్ళు ఆడించాడు. పెద్దింట్లమ్మ మటుకు కొత్తగా గుండు చేయించిన తల మీద తడిగుడ్డేమిటని లాగి పారేసింది. ఇంటికెళ్ళాక ఆవిడ తీర్పు చెప్పేసింది. దేవుడి బాకీ ఉన్న ఒడిలో బిడ్డని పెట్టాం, వాడి పీడ వీడికి అంటింది, ఇక ఆ మనిషి మా గడప తొక్కడానికి వీల్లేదు. ఒడిలో పెట్టకముందు కూడా పిల్లాడి తల అలాగే ఉందన్న సంగతి ఎవరూ గుర్తు చేయలేదు. నూకయ్యకి కూడా గుర్తు రాలేదు. అతనూ నమ్మాడు.

రెండు నెలలకి రోహిణి కార్తె వచ్చింది. ఒక పొద్దున్న కనకం పెరట్లోంచి దొంగతనంగా ఫోను చేసింది. పిల్లాడికి రెండు రోజులుగా జ్వరమట. తలుపులు మూసి, బొంత కప్పి, సాంబ్రాణి వేశారట. చెమట పోస్తే జ్వరం దిగుతుందని అత్తగారు కాచుకుని కూర్చుందట. చెమట పొయ్యటం లేదన్నయ్యా, అంది కనకం.

నూకయ్య పావు దిమ్మ ఐసు రంపపు పొట్టులో పొదిగి, గోనెసంచిలో కట్టి, భుజానికెత్తుకుని బస్సెక్కాడు. అమలాపురంలో దిగి ముమ్మిడివరం బస్సు మారాడు. బస్సు నేలంతా నీళ్ళు కారుతుంటే కండక్టరు ఏమిటని అడిగి, విని, తిట్టకుండా తన సీటు ఇచ్చాడు. నడి మధ్యాహ్నం చెల్లెలి ఇంటి ముందు దిగేసరికి నూకయ్యకే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. జగ్గయ్య ఆసుపత్రికి కారు మాట్లాడటానికి సెంటరుకి వెళ్ళాడు. గుమ్మానికి అడ్డంగా పెద్దింట్లమ్మ నిలబడింది. పాపం, ఆవిడా రెండు రాత్రులుగా కన్ను మూయలేదు. చేతులకి ఇంకా మనవడి అరికాళ్ళకి రాసిన శొంఠి అంటుకునే ఉంది.

"మెట్టు దిగు నూకయ్యా. నీ ఒడి చేసింది చాలు."

"నన్ను లోపలికి రానియ్యకండి అత్తయ్యగారూ. ఈ ఐసు తీసుకోండి చాలు. బొంత తీసేసి తడిగుడ్డ ఎయ్యండి. నా ఒళ్ళూ అంతేనండి, నేను అలాగే బతికేను."

"జొరానికి ఐసెట్టి సన్నిపాతం తెప్పిస్తావా? నీలాగే బతకమంటావా ఆణ్ణి?"

నూకయ్య సంచి మెట్టు మీద పెట్టి, వెనక్కి వచ్చి, వీధి అవతల గోడ నీడలో కూర్చున్నాడు. మూసిన తలుపు కర్ర తలుపే. గట్టిగా తోస్తే ఊడివచ్చేది. కానీ పుట్టిన దగ్గర్నుంచీ పక్కకి జరిగి నిలబడటమే నేర్చుకున్న మనిషి, ఆ రోజూ అలాగే జరిగి కూర్చున్నాడు. మెట్ల మీంచి ఐసు నీళ్ళు ధారగా వీధిలోకి వచ్చి, మట్టిలో ఇంకిపోతుంటే చూస్తూ ఉన్నాడు. కారు వచ్చేసరికి లోపల కనకం ఏడుపు వినిపించింది. గోనెసంచిలో పొట్టు మాత్రం మిగిలింది.

ఆ తర్వాత సొంత ఊళ్ళో కూడా అతను వస్తుంటే ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని లోపలికి వెళ్ళేవారు. మెత్తగానే వెళ్ళేవారు, పని ఉన్నట్టు. ఒక్క రాహేలు మాత్రం ఒక ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ, మనవరాలు చిన్నిని తీసుకొచ్చి అతని ఒడిలో కూర్చోబెట్టి, కాస్త చూస్తుండు నూకయ్యా, నీళ్ళు పట్టుకొస్తానంది. ఆవిడ చేతిలో బిందె లేదు. నూకయ్య రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, పిల్లకి తగలకుండా, ఆవిడ వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

మూడేళ్ళు గడిచాయి. అల్లవరంలో ఉచిత పళ్ళ శిబిరం పెడితే దేవదానం బలవంతాన తీసుకెళ్ళాడు. అమలాపురం పళ్ళ డాక్టరు మురళీమోహన్ గారు అతని నోటిని ఫోటో తీసి, హైదరాబాదులో తెలిసిన ఒకావిడకి పంపారు. ఆవిడ పేరు దుర్గాశ్రీ. కొత్తపేట మనిషే. తండ్రి లాకుల మీద లష్కరుగా, అంటే పై నుంచి కబురు రాగానే షట్టర్లు ఎత్తి కాలవలకి నీళ్ళు వదిలే పనిలో ఉండేవాడు. ఆవిడ పరిశోధనశాలలో పదకొండేళ్ళుగా జుట్టు లేకుండా, పళ్ళు సరిగా లేకుండా పుట్టే ఎలుకల మీద పని చేస్తోంది. పుట్టకముందు వాటి చిగుళ్ళలో పన్ను మొగ్గ ఎందుకు విచ్చుకోదు, అలాంటి ఎలుకే చిన్న జబ్బుకి ఎందుకు చచ్చిపోతుంది అన్నది ఆవిడ చదువు. వెతుక్కుంటూ ఐసు ఫ్యాక్టరీకి వచ్చింది. అతని పళ్ళు చూసి మొహం తిప్పుకోలేదు. మొట్టమొదట అడిగిన మాట, మీకు చెమట పడుతుందాండీ అని. ఆ మాట అడిగిన మనిషి నలభై ఒక్కేళ్ళలో ఆవిడే. నూకయ్య మేనల్లుడి సంగతీ, తన ఒడి మీద పడ్డ నిందా అంతా చెప్పి, చొక్కా చెయ్యి పైకి మడిచి పరీక్షకి రక్తం ఇచ్చాడు.

కనకం అప్పటికి మళ్ళీ నెల తప్పింది. అమలాపురం ఆసుపత్రికి నెల పరీక్షకి వచ్చినప్పుడు, సంగతంతా విని, తనంతట తానే దుర్గాశ్రీకి పరీక్ష కోసం రక్తం ఇచ్చింది. ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికి ధైర్యం చాలలేదు. పిల్లాడు పోయిన ఏడాదే జగ్గయ్యకి ఇంకో సంబంధం చూడాలని చుట్టాల్లో మాటొచ్చింది. దాన్ని ఆపింది పెద్దింట్లమ్మే. పిల్లదేం తప్పు, అంతా వాళ్ళన్న ఒడి, అని నలుగురి నోరూ మూయించింది. ఆ మాట విన్న రోజు నూకయ్యకి నెప్పీ పుట్టింది, గుండె మీంచి బరువూ దిగింది.

ఫలితం వచ్చేసరికి కనకానికి ఆరో నెల. దుర్గాశ్రీ మళ్ళీ వచ్చింది. బయట రేకుల షెడ్డులో బెంచీ వేస్తానన్నాడు నూకయ్య. వద్దండి, మీకు ఎండ, అని ఆవిడే ఐసు గదిలోకి వచ్చి, తిరగేసిన డబ్బా మీద కూర్చుంది. మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ పళ్ళు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. దేవదానం తన కంబళి తెచ్చి ఆవిడ భుజాల మీద కప్పి వెళ్ళాడు.

ఆవిడ వాళ్ళ నాన్నగారి పనితో పోల్చి చెప్పింది. తల్లి కడుపులో ఉండగానే బిడ్డ ఒంట్లో కబుర్లు నడుస్తాయట. ఇక్కడ వెంట్రుక మొలవాలి, ఇక్కడ పన్ను, ఇక్కడ చెమటకి దారి అని. పుట్టాక కూడా, క్రిములొచ్చాయి లేవండని రక్తానికి వెళ్ళే కబురు ఆ దారినే పోతుందట. ఆ కబురు అందుకుని షట్టరు ఎత్తాల్సిన లష్కరు ఒకడుంటాడు. మీ ఇంట్లో ఆ లష్కరు పుట్టుకతోనే నీరసం మనిషి అంది. మీకు కొంచెమైనా ఎత్తగలిగాడు. రవితేజకి అదీ చేతకాలేదు. టీకా పుండు మానకపోవడమూ, ఒళ్ళు కాలిపోవడమూ రెండూ ఒకటే సంగతి.

నూకయ్య ఐసు దిమ్మ మీంచి చెయ్యి తీసి ఆవిడ వైపు తిరిగాడు.

"మరి ఒడండి?"

"ఒడికి ఏ సంబంధమూ లేదండి. మీరు ముట్టుకోకపోయినా బాబు అలాగే పుట్టేవాడు. ఆ రోజు మీరు తువ్వాలు చుట్టేరు చూడండి, వాడికి ఎవరైనా చేసిన వైద్యం అదొక్కటే."

నూకయ్య నవ్వాడు. తువ్వాలు అడ్డం పెట్టుకోకుండా, ఆ రెండు పళ్ళూ బయటికి కనబడేలా నవ్వాడు. అది కాగితం మీద రాసిస్తారా అని అడిగాడు. ఊళ్ళో చదివిస్తానన్నాడు. స్వామి తన మొర ఇంతకాలానికి విన్నాడని చేతులు జోడించాడు. జోడించిన చేతులు అలాగే ఉండగా అడిగాడు, మరి నాకెక్కణ్ణుంచి వచ్చిందమ్మా అని.

దుర్గాశ్రీ గొంతు తగ్గించింది. అమ్మగారి నుంచి అంది. ఆవిడ నుంచే చెల్లెలికీ వచ్చింది. ఆడవాళ్ళకి చాలావరకు పైకి తెలియదు. కింది వరసలో ఒక పన్ను లేకపోవడం లాంటి గుర్తు ఉంటే ఉంటుంది. చెల్లెలి నుంచి బాబుకి. ఇప్పుడు మళ్ళీ మగపిల్లాడైతే వాడికీ వచ్చే అవకాశం సగానికి సగం. అయినా భయం లేదు, ముందే తెలిస్తే కాపాడుకోవచ్చు. వేడి తగలనివ్వకూడదు, తడిగుడ్డ వేయాలి, కొన్ని టీకాలు వేయించకముందు డాక్టరుకి చెప్పాలి, జ్వరమొస్తే గంట కూడా ఆగకూడదు. అందుకే రేపు ముమ్మిడివరం వెళ్ళి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి అన్నీ వివరంగా చెబుతానంది.

నూకయ్య తువ్వాలు కొస మెల్లగా మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

పెద్దింట్లమ్మ ముద్దుగా ఉందన్న ఆ పంటి సందు అతని కళ్ళ ముందు మెదిలింది. తన ఒడి మీదున్న నింద లేస్తే, అది గాల్లో ఉండిపోదు. వెళ్ళి చెల్లెలి ఒడిలో కూర్చుంటుంది. ఆరో నెల ఒడిలో. అప్పుడు చుట్టాల నోరు మూయించడానికి పెద్దింట్లమ్మకి మాట ఉండదు. ఆవిడ నోటే ఇంకో సంబంధం మాట రావొచ్చు. పక్క గదిలో దేవదానం మిషనులో దిమ్మ వేశాడు, ఐసు పొడైన చప్పుడు వచ్చి ఆగింది.

"కాయితం వద్దండమ్మా," అన్నాడు. "మా చెల్లికి మటుకు చెప్పండి. దాని రక్తం, దానికి తెలియాలి. ఒక్కద్దాన్నే పక్కకి పిలిచి చెప్పండి. ఆళ్ళత్తగారికి తడిగుడ్డ మాట, టీకా మాట రాసి, మీ ఆఫీసు ముద్దరేసి ఇవ్వండి. ముద్దరుంటే ఆవిడ ఇంటాది. మంచిదేనండి ఆవిడ, బయం ఎక్కువ. ఐసు రోజూ దేవదానం పట్టుకెళ్తాడు. ఆయన్నైతే గుమ్మంలోకి రానిస్తారు."

"అది చేస్తానండి. కానీ ఇదెలా వచ్చిందని వాళ్ళు అడుగుతారు కదా. నేను అబద్ధం చెప్పలేను నూకయ్యగారూ."

గారూ అని అతన్ని ఎవరూ పిలవరు. 

"ఆయ్, తవరు చెప్పొద్దండి. అడిగేదాకా కూడా ఉండరు లెండి, ఆవిడే అంటాది, ఇదంతా ఆడి ఒడేనమ్మా అని. అన్నప్పుడు తవరు కాదనకండి. నాకు ఆ ఒక్క సాయం చెయ్యండమ్మా."